పంతులు జీతం.. ప్రతిభే కొలమానమా?
పాఠం చెప్పినా, చెప్పకున్నా ఒకటే ఇంక్రిమెంటు సబబేనా?
మన రాష్ట్రంలోనే జరిగిన ప్రయోగం చెబుతున్నదేమిటి?

పార్వతీపురం: వేతన సవరణ మాట వినిపించిన ప్రతిసారీ గ్రామాల్లో రెండు వాదనలు మొదలవుతాయి. ప్రభుత్వ ఉపాధ్యాయుడికి ఇచ్చే జీతం ఎక్కువేనని రచ్చబండ వద్ద కొందరంటారు. చదువు చెప్పే వారికి ఎంతిచ్చినా తక్కువేనని మరికొందరంటారు. మంచి ఉపాధ్యాయుడికీ, బడికి మొక్కుబడిగా వచ్చిపోయే ఉపాధ్యాయుడికీ ఒకే జీతం ఎందుకన్న మూడో ప్రశ్న కూడా అప్పుడే తలెత్తుతుంది. ఈ మూడింటినీ వేర్వేరుగా పరిశీలిస్తే గాని అసలు విషయం బోధపడదు.

ఒకే వృత్తి.. ఎన్నో జీతాలు
'ఉపాధ్యాయుల జీతం' అని ఒక్క మాటలో అనుకుంటున్నా, వాస్తవానికి అటువంటి జీతం ఒక్కటి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడి మూల వేతనం రూ.32,670తో మొదలై రూ.1,01,970 వరకు సాగుతుంది. స్కూల్ అసిస్టెంటుకు అది రూ.44,570 నుంచి రూ.1,27,480. తెలంగాణలో 2021లో అమలైన సవరణలో ఈ స్కేళ్లు రూ.31,040తోను, రూ.42,300తోను ఆరంభమయ్యాయి. వీటికి కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం అదనం.

అదే బడిలో, అదే నల్లబల్ల ముందు నిలబడే తాత్కాలిక బోధకుల సంగతి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో నెలకు రూ.398 చేతిలో పెట్టి నియమించిన స్పెషల్ టీచర్లను పాతతరం వారు నేటికీ '398 టీచర్లు' అనే పిలుస్తారు. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. తెలంగాణలో 2020 నాటికి వారికి అందినది నెలకు రూ.12,000 మాత్రమే. రెగ్యులర్ ఉపాధ్యాయుల్లోనూ తేడా లేకపోలేదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత విధుల్లో చేరిన వారు పాత పింఛనుకు దూరమై, కంట్రిబ్యూటరీ పింఛను పథకం కిందకు వచ్చారు.

ప్రైవేటు బడుల్లో పరిస్థితి మరీ దయనీయం. వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకే వెచ్చించాలని 1994 జనవరి 1న వెలువడిన జీవో నెం.1 నిర్దేశించింది. చిన్న పట్టణాల బడుల్లో ఆ నిబంధన కాగితం దాటి రాలేదని అక్కడ పనిచేసే వారిని అడిగితే తెలుస్తుంది. కొవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రూ.2,000 నగదు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఈ వృత్తికి ఉన్న భద్రత ఏపాటిదో చెప్పడానికి ఆ బియ్యం బస్తా చాలు.

అందువల్ల 'జీతం న్యాయమైనదేనా?' అన్న ప్రశ్నకు ఒకే జవాబు పొసగదు. రెగ్యులర్ ఉపాధ్యాయుడి జీతం పల్లెలోని సగటు సంపాదన కంటే ఎక్కువన్నది నిజం. అంతే పని చేసే తాత్కాలిక, ప్రైవేటు బోధకుడికి అందులో స్వల్ప భాగమే దక్కుతోందన్నదీ నిజమే.

జీతం ఎలా పెరుగుతుంది?
ప్రభుత్వ ఉపాధ్యాయుడి జీతం పెరగడానికి మార్గాలు నాలుగు. ఏటా ఒక ఇంక్రిమెంటు. ధరలను బట్టి కరవు భత్యం. పదోన్నతి రాకున్నా 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసుకు వర్తించే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం. వేతన సవరణ సంఘం సిఫార్సు చేసే ఫిట్‌మెంట్. 2015లో రెండు రాష్ట్రాలూ 43 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చాయి. 2021లో తెలంగాణ 30 శాతం, 2022లో ఆంధ్రప్రదేశ్ 23 శాతం ప్రకటించాయి. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి పొందుతున్న ఏపీ ఉద్యోగులు, ఉపాధ్యాయులు దీనిపై ఆగ్రహించి 2022 ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ' నిర్వహించారు.

ఈ నాలుగు మార్గాల్లో ఏ ఒక్కదానికీ పిల్లవాడు చదవడం నేర్చాడా, లేదా అన్న దానితో సంబంధం లేదు. ప్రతిభ ఆధారిత వేతనం అడిగే వారి వాదనకు మూలం ఇదే.

మన గడ్డపైనే ప్రయోగం
ఈ విషయంలో ప్రపంచమంతా ఉదహరించే అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో జరిగినదేనన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలసి 2005లో దీన్ని చేపట్టాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఫలితాలను విశ్లేషించారు. 5 జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిన ఎంచి, వంద చొప్పున ఐదు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలో ఉపాధ్యాయుడికి విడిగా బోనస్, మరో వర్గంలో బడి మొత్తానికి కలిపి బోనస్, ఇంకొక వర్గానికి అదనపు కాంట్రాక్టు టీచరు, నాలుగో వర్గానికి సామగ్రి కొనుగోలుకు నిధులు ఇచ్చారు. ఐదో వర్గానికి ఏమీ ఇవ్వకుండా పోలిక కోసం ఉంచారు.

బోనస్ లెక్క తేలికైనదే. మార్కులు ఎన్ని వచ్చాయన్నది కాక, ఏడాదిలో ఎంత పెరిగాయన్నదే ప్రాతిపదిక. తొలి ఏడాది సగటు మార్కుల్లో 5 శాతానికి మించిన ప్రతి ఒక్క శాతం పెరుగుదలకు రూ.500. ఉదాహరణకు సగటు 40 నుంచి 52కు చేరితే పెరుగుదల 12. అందులో 5 తీసివేయగా మిగిలిన 7కు రూ.3,500 అందుతుంది. సగటున ఈ బోనస్ ఏడాది జీతంలో 3 శాతం మేరకే ఉండేలా రూపొందించారు.

ఇంత చిన్న మొత్తానికే మార్పు కనిపించింది. రెండేళ్ల తర్వాత పోలిక బడుల కంటే బోనస్ బడుల పిల్లలు గణితంలోను, భాషలోను స్పష్టంగా ముందున్నారు. వందమందిలో 50వ స్థానంలో ఉన్న పిల్లవాడు గణితంలో సుమారు పది స్థానాలు, భాషలో ఆరేడు స్థానాలు పైకి వచ్చినంత మేలు అది. బోనస్‌తో నిమిత్తం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ మార్కులు పెరిగాయి. కంఠతా ప్రశ్నలకే కాక, అర్థం చేసుకుని రాయాల్సిన ప్రశ్నలకూ పిల్లలు మెరుగ్గా జవాబులిచ్చారు. అంతే డబ్బును సామగ్రికో, అదనపు టీచరుకో వెచ్చించిన బడుల కంటే ఇవి ముందు నిలిచాయి.

గమనించాల్సిన అంశం మరొకటుంది. బోనస్ బడుల్లో ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజున చేసే పని మారింది. హోంవర్కు, అదనపు తరగతులు, సాధన పరీక్షలు పెరిగాయి. ఐదేళ్లపాటు చూస్తే విడివిడి బోనస్ ఇచ్చిన బడుల్లో మేలు నిలిచింది. బడి మొత్తానికి కలిపి ఇచ్చిన చోట ప్రభావం స్వల్పంగానే మిగిలింది. ఇన్ని ఫలితాలు వచ్చినా ఆ విధానం రాష్ట్రమంతటా అమలుకు నోచుకోలేదు.

జీతం రెట్టింపైతే?
జీతం పెంచితే చదువు తానే బాగుపడుతుందన్న వాదనకు ఇండోనేసియా ఒక జవాబిచ్చింది. అక్కడ 2005 నాటి చట్టం ప్రకారం ధ్రువీకరణ పొందిన ఉపాధ్యాయుల మూల వేతనం రెట్టింపైంది. 360 బడుల్లో జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. ఉపాధ్యాయుల అప్పులు తగ్గాయి, రెండో ఉద్యోగం చేయాల్సిన అవసరం తగ్గింది, సంతృప్తి పెరిగింది. పిల్లల మార్కులు మాత్రం రెండు మూడేళ్ల తర్వాతా కదలలేదు.

మన ప్రయోగంలోని కాంట్రాక్టు టీచర్ల ఫలితమూ ఇలాంటిదే. రెగ్యులర్ ఉపాధ్యాయుల జీతంలో ఐదో వంతుకే పనిచేసిన వారు బోధనలో వారికి తీసిపోలేదు. వారి గైర్హాజరు 16 శాతం కాగా రెగ్యులర్ వారిది 27 శాతం. అంతమాత్రాన అరకొర జీతమే చాలనుకోవడం తగదు. ఎప్పటికైనా పర్మినెంటు అవుతామన్న ఆశతో ఇలాంటి కొలువుల్లో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే వారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఒకరి ఆశను తక్కువ జీతానికి సాకుగా వాడుకోవడం న్యాయం అనిపించుకోదు.

ఉపాధ్యాయుల భయాలు నిరాధారం కావు
ఫలితాన్ని బట్టి చెల్లింపు కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో 1862లో ఈ పద్ధతి మొదలైంది. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో, కోస్తా, రాయలసీమ ప్రాంతాలు భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పరీక్ష ఫలితాలను బట్టి బడులకు గ్రాంటు ఇచ్చారు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకు పిల్లల చేత వల్లె వేయించడమే చదువుగా మారిందన్న విమర్శ నాడే వచ్చింది. ఇంగ్లండు 1890లలో ఆ పద్ధతిని విడిచిపెట్టింది. అమెరికాలోని అట్లాంటాలో మార్కుల ఒత్తిడికి ఉపాధ్యాయులే జవాబు పత్రాలు దిద్దినట్లు 2011లో విచారణలో తేలింది. 2015లో 11 మంది విద్యాశాఖ ఉద్యోగులు దోషులుగా నిర్ధారణ అయ్యారు.

మన ఏజెన్సీ మండలాల్లో చిక్కులు మరిన్ని. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే టీచరు ఐదు తరగతులనూ నెట్టుకురావాలి. 60 మంది పిల్లల వరకు కనీసం ఇద్దరు ఉపాధ్యాయులుండాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన అన్ని చోట్లా అమలు కావడం లేదు. ఇంట సవర, కువి భాషలు మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరం నేర్వడానికి పట్టే కాలం వేరు. దీనికి తోడు ఎన్నికలు, జనగణన, యాప్‌లలో నమోదులు. పట్టణపు బడికీ, కొండపై బడికీ ఒకే కొలబద్ద పెడితే కొండపైకి వెళ్లేదెవరని ఉపాధ్యాయ సంఘాలు అడిగితే కాదనలేం. హెచ్‌ఎం లేదా అధికారి ఇచ్చే మార్కులే ప్రాతిపదికైతే ప్రతిభ స్థానంలో పలుకుబడి వచ్చి కూర్చుంటుందన్న శంకా ఉన్నదే.

మరి మార్గమేది?
ఉపాధ్యాయుల పదోన్నతి, వేతనాల్లో ప్రతిభకు చోటివ్వాలని 2020 జాతీయ విద్యా విధానం సైతం సూచించింది. అయితే అనుభవాలు చెబుతున్న షరతులు కొన్ని ఉన్నాయి.

మూల వేతనం జోలికి పోరాదు. బోనస్ దానికి అదనంగానే ఉండాలి. కొలవాల్సింది మార్కుల స్థాయిని కాదు, ఏడాదిలో పిల్లవాడు సాధించిన పురోగతిని. పరీక్ష నిర్వహణ, మూల్యాంకనం బడితో సంబంధం లేని వారి చేతుల్లో ఉండాలి. మారుమూల బడులకు, ఏకోపాధ్యాయ బడులకు ప్రత్యేక భత్యం కలపాలి. అన్నిటికంటే ముందు తాత్కాలిక, ప్రైవేటు బోధకులకు బతకగలిగే కనీస వేతనం ఖాయం చేయాలి. ఆకలితో పాఠం చెప్పే వారికి బోనస్ ఆశ చూపడం పరిహాసమే అవుతుంది.

సీనియారిటీని గౌరవించాల్సిందే. అయితే ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి వాచకం చదవలేని స్థితిలో సర్వీసు రిజిస్టరు ఒక్కటే జీతాన్ని నిర్ణయించడం తల్లిదండ్రులకు సమాధానం కాజాలదు. జీతం ఎంతన్నది ప్రభుత్వానికీ, సంఘాలకూ మధ్య తేలే లెక్క. పిల్లవాడు ఈ ఏడాది ఏం నేర్చాడన్నది పాఠశాల కమిటీ సమావేశంలో ప్రతి తల్లీ, తండ్రీ అడగవలసిన ప్రశ్న. అందుకు ఏ జీవో కోసమూ ఎదురుచూడనక్కర లేదు.