వేరుశనగ విత్తే ట్రాక్టరు గొర్రు: విత్తన, ఎరువుల మోతాదు సరిచూసే విధానం

రాయలసీమ ఎర్రనేలల్లో వర్షాధారపు వేరుశనగ విత్తడానికి తగిన పదును కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ వ్యవధిలో ఎక్కువ విస్తీర్ణం విత్తవలసి ఉండటంతో ట్రాక్టరు గొర్రు వాడకం పెరిగింది. ఎడ్ల గొర్రుతో విత్తేటప్పుడు జడ్డిగంలో గింజలు వదిలే మహిళ చేతి అంచనాయే మోతాదు. ఎడ్ల నడకను బట్టి ఆ చేయి తనంతట తానే సర్దుకునేది. యంత్రానికి ఆ నేర్పు లేదు. మీట ఏ గుర్తు వద్ద ఉంటే ఆ మేరకే గింజలు వదులుతుంది. పెట్టె మీది గుర్తులను నమ్మి పొలంలో దిగితే పొరపాటు మొలకలు వచ్చాక గాని తెలియదు. అప్పటికి పదును ఆరిపోయి ఉంటుంది.

మోతాదును కిలోలలో మాత్రమే అనుకోవడం సరికాదు. సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల దూరం పాటిస్తే ఎకరాకు సుమారు 1.35 లక్షల మొక్కలుండాలి. మొలకశాతం 90 అయితే 1.5 లక్షల గింజలు వేయాలి. నూరు గింజల బరువు 40 గ్రాములుంటే ఇవి 60 కిలోలు. 50 గ్రాములుంటే 75 కిలోలు. కనుక నూరేసి గింజలను మూడు నాలుగు మార్లు తూచి సగటు తీయడం మొదటి పని.

8 సాళ్ల గొర్రు వెడల్పు 2.4 మీటర్లు. నేలపై తిరిగే చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 1.885 మీటర్లు, అంటే ఒక చుట్టుకు 4.52 చదరపు మీటర్లు విత్తబడుతుంది. 18 చుట్లకు దాదాపు 81 చదరపు మీటర్లు, సరిగా ఎకరాలో యాభయ్యో వంతు. గొర్రును జాకీపై ఎత్తి, ప్రతి గొట్టం కింద ఒక సంచి కట్టి, చక్రాన్ని ముందుగా నాలుగైదు చుట్లు తిప్పి ఆ గింజలను తీసివేయాలి. ఆపై పొలంలో నడిచే వేగానికి దగ్గరగా 18 చుట్లు తిప్పాలి. ఎకరాకు 60 కిలోలు పడాలంటే మొత్తం 1,200 గ్రాములు, గొట్టానికి 150 గ్రాములు రావాలి. తక్కువైతే మీటను కొద్దిగా జరిపి మళ్లీ తూచాలి. మొత్తం సరిపోయినంత మాత్రాన చాలదు. ఒక గొట్టంలో 110, పక్కదానిలో 190 గ్రాములు వచ్చినా సగటు 150 గ్రాములే కదా! గొట్టాల మధ్య తేడా సగటులో పదోవంతుకు మించితే గొట్టం పూడుకుందేమో, గింజలు తోసే రోలరు అరిగిందేమో చూడాలి. సంచుల్లో బద్దలైన గింజలు, పొర ఊడిన గింజలు కనిపిస్తే అవి మొలకెత్తవని లెక్కించి రోలరు సందును సవరించాలి.

ఎరువు పెట్టెకూ ఇదే పద్ధతి. ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వేయదలిస్తే 18 చుట్లకు గొట్టానికి 250 గ్రాములు పడాలి. అయితే పొడి రూపంలోని సూపర్, గుళికల రూపంలోని సూపర్ ఒకే గుర్తు వద్ద ఒకే బరువు ఇవ్వవు. తేమ పట్టిన ఎరువు అసలు జారదు. విత్తనశుద్ధి చేసిన గింజ కూడా శుద్ధి చేయని గింజలా జారదు గనుక, విత్తబోయే గింజతోనే పరీక్షించాలి.

ఎక్కువమంది వదిలేసే అంశం చక్రం జారుడు. మెత్తని దుక్కిలో చక్రం కొంత తిరగకుండానే ఈడ్చుకుపోతుంది. పెట్టెలు నింపి, చక్రంపై సున్నపు గుర్తు పెట్టి, పొలంలో 10 చుట్లకు ఎంత దూరం సాగిందో కొలవాలి. 18.85 మీటర్లకు బదులు 20 మీటర్లు వస్తే ఎకరాకు మూడు కిలోలకు పైగా విత్తనం తగ్గినట్లే. అప్పుడు జాకీపై పరీక్షను 17 చుట్లకు మార్చి, అదే 1,200 గ్రాములు పడేలా మీటను సరిచేయాలి.

విత్తడం మొదలయ్యాక కూడా ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. తూచిన 30 కిలోల విత్తనం పెట్టెలో పోసి, అర ఎకరా పూర్తయ్యేసరికి ఎంత మిగిలిందో, లేక ముందే అయిపోయిందో చూడాలి. ఒక సాలులో మట్టి తీసి, మీటరు పొడవులో పది పదకొండు గింజలున్నాయో లేదో లెక్కించాలి. రకం మారినా, ఎరువు మారినా, గొర్రు మరొక పొలానికి అద్దెకు వెళ్లినా ఈ తూకం తిరిగి మొదలుపెట్టవలసిందే.