పెట్టెలు ఎవరివి, మైకు ఎవరిది?

2023 జనవరి 4న కుప్పంలో గొడవంతా మైకు గురించే. అంతకు రెండు రోజుల ముందు ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. కందుకూరు, గుంటూరు సభల్లో తొక్కిసలాటలు జరిగి జనం చనిపోయారు కాబట్టి ఇక రోడ్ల మీద సభలు వద్దన్నది సర్కారు వాదన. ఆ జీవోకి ఊతం 1861 నాటి పోలీసు చట్టం. 1989 నుంచి కుప్పంలో గెలుస్తూ వస్తున్న చంద్రబాబు నాయుడు అప్పుడు ప్రతిపక్ష నేత. సొంత నియోజకవర్గానికి వచ్చిన ఆయన్ని పోలీసులు ఆపారు, ప్రచార వాహనాన్ని కదలనివ్వలేదు. మే నెలలో హైకోర్టు జీవోని కొట్టేసింది. ఆగస్టులో ఆయన పర్యటన పేరిట పుంగనూరు రణరంగమైంది.

న్యాయం ఏ పార్టీ వైపు ఉందన్న లెక్క ఇక్కడ తీయబోవడం లేదు. నడివీధిలో పెట్టెలు పెట్టి మైకు పట్టుకునే హక్కు ఎవరిదన్నది ఎంత పెద్ద రాజకీయమో ఆ రోజు చూశాం, అంతవరకే. అలాంటి తగువులోనే రెండు సంగీతాలు పెరిగాయి. జమైకాలో రెగ్గే, న్యూయార్క్‌లో హిప్‌హాప్. మన కుర్రాళ్ల ఫోన్లలో రెండూ ఉన్నాయి. రెగ్గే గాయకుడు బాబ్ మార్లే బొమ్మ టీషర్టుల మీద సంత దాకా వచ్చేసింది. వాటి రాజకీయం మాత్రం ఇక్కడికి రాలేదు.

1950లలో కింగ్‌స్టన్ పేదలకి క్లబ్బుల్లోకి దారి లేదు. వాళ్ల కోసం వీధిలోనే బీరువాలంత స్పీకర్లు నిలబెట్టి, అమెరికా నుంచి రికార్డులు తెప్పించి వాయించేవాళ్లు. సౌండ్ సిస్టమ్ అంటే అదే. మన మైకుసెట్టు లాంటిదే, కాకపోతే అద్దె కట్టే పెళ్లివారు ఉండరు. మాజీ పోలీసు డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ పోటాపోటీగా నడిపేవారు. పాట నడుస్తుండగా మైకందుకుని లయ తప్పకుండా మాటలు విసిరేవాడు డీజే. కౌంట్ మచుకి ఆ పనికి పేరుపడ్డాడు, తర్వాత యూ-రాయ్ దాన్ని రికార్డుల్లోకి ఎక్కించాడు. వాయించడం మాత్రమే పనిగా ఉన్నచోట మాట్లాడే మనిషి పుట్టుకొచ్చాడన్నమాట. రెగ్గే రాజకీయం అక్కడ మొదలైందని నేననుకుంటాను.

రాజకీయ నాయకులు ఆలస్యం చేస్తారా? 1972 ఎన్నికల్లో మైఖేల్ మ్యాన్లీ 'బెటర్ మస్ట్ కమ్' అనే డెల్‌రాయ్ విల్సన్ పాటను ఊరూరా మోగించి గెలిచాడు. తర్వాత ప్రత్యర్థి పార్టీ నేత అయిన ఎడ్వర్డ్ సియాగా ఇంకా గట్టివాడు. రాజకీయాల్లో పైకి రాకముందే జానపద సంగీతాన్ని రికార్డు చేసినవాడు, సొంత రికార్డు కంపెనీ నడిపినవాడు. ఈ ఇద్దరి పార్టీల మధ్య కింగ్‌స్టన్ పేటలు చీలిపోయి తుపాకులు పట్టాయి. 1976 డిసెంబర్ 3న దుండగులు మార్లే ఇంట్లోకి చొరబడి కాల్చారు. రెండు రోజులకే ఆయన గాయంతోనే వేదికెక్కి పాడాడు. 1978 ఏప్రిల్ 22న మ్యాన్లీని, సియాగాని ఒకే వేదిక మీదికి పిలిచి ఇద్దరి చేతులూ కలిపాడు. ఫొటో ప్రపంచమంతా తిరిగింది. రెండేళ్లకి, 1980 ఎన్నికల ఏడాదిలో దాదాపు 800 మంది హతమయ్యారు. 1981 మేలో 36 ఏళ్లకే మార్లే పోయాడు. అంత్యక్రియల్లో నివాళి ప్రసంగం చేసింది అప్పటికి ప్రధాని అయిన సియాగాయే.

ఇదంతా చదువుతుంటే మనవాళ్లకి గద్దర్ గుర్తొస్తాడు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో ఒక తూటా ఉండగానే మరో పాతికేళ్లు పాడాడు. 2023 ఆగస్టులో కన్నుమూస్తే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ సినిమా అవార్డులు ఆయన పేరు మీదే ఉన్నాయి. పాడినన్నాళ్లూ వెంటాడి, పోయాక దండ వేయడం ఏ సర్కారుకైనా తేలికే.

ఇక న్యూయార్క్. కింగ్‌స్టన్‌లో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ పన్నెండేళ్ల వయసులో, 1967లో బ్రాంక్స్ చేరాడు. పెద్ద రోడ్డు కోసం పేటల్ని నిలువునా చీల్చిన ప్రాంతమది. తర్వాత అక్కడ ఇళ్లు వరసపెట్టి తగలబడ్డాయి. 1973 ఆగస్టు 11న అతని చెల్లెలు సిండీ, బడికి వేసుకెళ్లే కొత్తబట్టల డబ్బు కోసం అపార్ట్‌మెంట్ కింద ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు. పాటలు వేసింది అన్న. కూల్ హెర్క్ అంటే అతనే, ఆ పార్టీయే హిప్‌హాప్ పుట్టినరోజు. అతను జమైకా రికార్డులు వేస్తే బ్రాంక్స్ జనం కదల్లేదు. దాంతో జేమ్స్ బ్రౌన్ వైపు తిరిగాడు. డప్పు దరువు ఒంటరిగా వచ్చే ముక్కని రెండు రికార్డులతో సాగదీశాడు. ర్యాప్‌కి తల్లివేరు జమైకా డీజేల మాటలేనని కొందరు ఖాయంగా చెబుతారు. హెర్క్ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. నాకు తోచింది ఇది: కింగ్‌స్టన్ నుంచి అతను మోసుకొచ్చినవి పెద్ద పెట్టెలు, వీధిని సభగా మార్చే అలవాటు. మాట మాత్రం బ్రాంక్స్‌దే.

ఆ మాటలో రాజకీయం మొదటి రోజు నుంచీ ఉందనుకుంటే పొరపాటు. తొలి ఏళ్లంతా ఆటపాటే. పేదరికాన్ని నేరుగా చెప్పిన 'ది మెసేజ్' 1982లో వచ్చింది, అదీ గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం మొదట వద్దన్నాక, కంపెనీ పట్టుబట్టి చేయించింది. పబ్లిక్ ఎనిమీ లాంటివాళ్లు ఆ తర్వాత వచ్చారు. ఈ రెండు సంగీతాలూ కడిగిన ముత్యాలేం కాదు. ఆడవాళ్లను చులకన చేసిన ర్యాప్ పాటలు కొల్లలు. స్వలింగ సంపర్కుల్ని చంపమన్న పాటని జమైకా గాయకుడు బుజు బాంటన్ 2019లో తన జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది.

రెండింటినీ కలిపే మనిషి వేరే ఉన్నాడు. మార్కస్ గార్వీ. జమైకాలో సెయింట్ ఆన్ జిల్లా వాడు, మార్లేదీ ఆ జిల్లాయే. నల్లవాళ్ల ఆత్మగౌరవమంటూ న్యూయార్క్‌లోని హార్లెం కేంద్రంగా లక్షల మందిని కూడగట్టాడు. మార్లే నమ్మిన రాస్తాఫారీ మతస్తులకి ఆయన ప్రవక్త. మాల్కం ఎక్స్ తల్లిదండ్రులు ఆయన అనుచరులు. మార్లే 'రిడెంప్షన్ సాంగ్'లోకి గార్వీ ఉపన్యాసపు మాటలే నడిచొచ్చాయి, ర్యాపర్లు మాల్కం గొంతునే ముక్కలు కోసి దరువులో కలుపుకున్నారు.

ఈ గార్వీ కథలో మదనపల్లెకి ఒక దూరపు చుట్టరికం ఉంది. 1916లో ఐర్లండ్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. మద్రాసులో అనీ బిసెంట్ పత్రిక 'న్యూ ఇండియా'లో పనిచేస్తున్న ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ దాన్ని మెచ్చుకుంటూ రాశాడు. ఉద్యోగం పోయింది. బిసెంట్ ఆయన్ని మదనపల్లె కాలేజీకి పంపింది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ అక్కడికి వచ్చి జనగణమనని ఇంగ్లిషులోకి మార్చాడు, కజిన్స్ భార్య మార్గరెట్ ఆ బాణీకి స్వరలిపి రాసింది. అదే ఏడాది జులైలో గార్వీ హార్లెంలో తన సభాభవనాన్ని తెరిచి లిబర్టీ హాల్ అన్నాడు. డబ్లిన్ తిరుగుబాటుదార్లు బయల్దేరిన భవనం పేరది. ఒకే గాలి అటు హార్లెంకీ, ఇటు హార్సిలీ కొండల కిందికీ వీచింది. అయితే ఇక్కడ అది కాలేజీ ఆవరణలో ఆగిపోయింది. ఊరి చివర పలక (డప్పు) కొట్టేవాడి దాకా రాలేదు.

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర. పలకలు లేనిదే అమ్మవారు కదలదు. మంటకి కాచి, బిగువు చూసుకుని కొట్టే ఆ కుర్రాళ్లు ఎక్కువగా దళితవాడల వాళ్లే. ఊరేగింపులో ముందు వాళ్లే నడుస్తారు, మైకులో మాట్లాడేది వేరేవాళ్లు. ఇప్పుడు పక్కనే డీజే బాక్సులు కూడా దిగాయి. నామినేషన్ ర్యాలీలకి పొద్దున ఒక కండువా వాళ్లు పిలుస్తారు, సాయంత్రం ఇంకో కండువా వాళ్లు. దెబ్బ అదే, కూలీ అదే. కింగ్‌స్టన్ పెట్టెలన్నీ మనకి వచ్చాయి, మైకందుకునే యూ-రాయ్ రాలేదు.

తెలుగునాట ఎవరూ అందుకోలేదనలేం. నాజర్ బుర్రకథతో నిజాంని, జమీందార్లని నిలదీశాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఊళ్లో చాటింపుకే పరిమితమైన డప్పుని సొంత డిమాండుకి వాయించింది. ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ దరువు ఆగలేదు. తెలుగు ర్యాప్ మాత్రం ఎక్కువగా హైదరాబాద్ చుట్టూ, సినిమా చుట్టూ తిరిగింది.

తమిళనాడు సరిహద్దు దాటితే సంగతి వేరు. అరక్కోణం కుర్రాడు అరివు, సినీ దర్శకుడు పా. రంజిత్ చేరదీసిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో గానా, పరై దరువుల మధ్య కులం గురించి ర్యాప్ పాడాడు. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన అవ్వ జ్ఞాపకాల్ని 2021లో 'ఎంజాయ్ ఎంజామీ'లో పెట్టాడు. తమిళం పరాయిది కాని కుప్పంలో ఆ పాట తెలియని కుర్రాడు అరుదు. అదే ఏడాది ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట పాడిన ధీ బొమ్మ వేసి, రాసిన అరివు బొమ్మ వదిలేసింది. గోలయ్యాక ఆయనకి విడిగా డిజిటల్ ముఖచిత్రం వేశారు. ముఖచిత్ర కథనం రాస్తున్నవాళ్లం మేమూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతే.

కుప్పంలోనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. కుప్పం, పుంగనూరు, మదనపల్లె పలక దరువుల్ని, కొట్టేవాళ్ల పేర్లతో సహా రికార్డు చేయడం దానికి పెద్ద ఖర్చు కాదు. చేసేటప్పుడు దరువుతో ఆపేయకుండా మైకు వాళ్ల చేతికే ఇచ్చి రెండు సంగతులు అడగాలి. జాతరకి ఎంతిస్తున్నారు? చావుకి పలక కొట్టడానికి రామంటే ఊళ్లో ఏం జరుగుతుంది?