రూటర్ మాట ఇంట్లో ఎవరు వింటున్నారు?

ఇంటి నెట్‌కు డీఎన్ఎస్ మార్చుకోవడం రెండు నిమిషాల పని అంటారు. అది నిజమే. రూటర్ పేజీ తెరిచి, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చిన సర్వర్ నంబరు తీసేసి, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 గానీ గూగుల్ వారి 8.8.8.8 గానీ వేసి సేవ్ కొడితే సరి. తంటా అంతా ఆ తర్వాతే మొదలవుతుంది. పిల్లల కోసమని అశ్లీల సైట్లు ఆపే 1.1.1.3 పెడితే ల్యాప్‌టాప్‌లో ఆగిపోయిన సైటు ఫోన్‌లో హాయిగా తెరుచుకుంటుంది. ప్రకటనలు ఆపడానికి ఓ చిన్న కంప్యూటర్ మీద పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుకుంటే, టీవీలో మాత్రం ప్రకటనలు ఎప్పటిలాగే వస్తుంటాయి. అప్పుడు చాలామంది చేసేది సర్వర్‌ను మళ్లీ మార్చడం: ఇది కుదరలేదు కాబట్టి క్వాడ్9 పెట్టి చూద్దాం, అదీ కాకపోతే ఇంకోటి. వెతుకులాట దారి తప్పేది ఇక్కడే. ఈ పెద్ద సర్వర్లలో లోపం ఉండటం అరుదు. మన ప్రశ్న అసలు వాటి దాకా చేరకపోవడమే ఎక్కువ. కాబట్టి ఏ సర్వర్ మంచిదన్న చర్చ పక్కన పెట్టి, ఇప్పుడు జవాబు చెబుతున్నది ఎవరో ముందు తేల్చుకోవాలి.

డీఎన్ఎస్ చేసే పని చిన్నదే. మనం కొట్టేది సైట్ పేరు, నెట్‌వర్క్‌కు కావలసింది అంకెల చిరునామా. పేరు అడిగితే చిరునామా చెప్పే ఏర్పాటిది. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించినప్పుడు ఆ ప్రశ్నను ఎవరికీ కనబడకుండా దాచాలన్న ఆలోచన లేదు. ప్రశ్న 53వ పోర్టు మీదుగా బాహాటంగా వెళ్లేది. ఎవరిని అడగాలో వైఫై కలవగానే రూటర్ చెప్పేది, పరికరం తలూపేది. 2018లో రూటర్ పెద్దరికానికి గండి పడింది. ఆండ్రాయిడ్ 9తో ఫోన్లలోకి, ప్రశ్నను గుప్తీకరించి పంపే ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ వచ్చింది. డీఎన్ఎస్ ప్రశ్నను మామూలు వెబ్ రాకపోకల్లో కలిపేసి 443వ పోర్టు మీదుగా పంపే పద్ధతి కూడా అదే ఏడాది ప్రమాణంగా ఖరారైంది. 2020 ఫిబ్రవరి నుంచి ఫైర్‌ఫాక్స్ అమెరికాలో ఆ పద్ధతిని అడగకుండానే ఆన్ చేయసాగింది. 2021లో ఆపిల్ తన ఐక్లౌడ్ చందాదారులకు రాకపోకలను దాచే ప్రైవేట్ రిలే ఇచ్చింది. దారిలో ఎవరూ తొంగిచూడకుండా చేసిన మంచి పనులే ఇవన్నీ. చిక్కేమిటంటే, ఇంటి రూటర్ కూడా దారిలో ఉన్నదే.

ఇప్పుడు తేల్చుకోవడం ఎలా? మొదట సమస్య డీఎన్ఎస్‌దేనా అన్నది చూడాలి. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8కు పింగ్ చేస్తే జవాబు వస్తూ, సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే, లైన్ బాగానే ఉంది, పేర్ల దగ్గరే ఏదో తేడా ఉంది. తర్వాత ఎన్ఎస్‌లుకప్ అనే కమాండ్ పక్కన ఏదో ఒక సైట్ పేరు రాసి ఎంటర్ కొట్టాలి. జవాబుకు పైన, జవాబు చెప్పిన సర్వర్ చిరునామా కనిపిస్తుంది. అక్కడ 192.168తో మొదలయ్యే రూటర్ నంబరే ఉంటే, పరికరం రూటర్ మాట విన్నట్టే; రూటర్ పైన ఎవరిని అడుగుతోందో ఇక దాని పేజీలో చూసుకోవాలి. అలాకాక రెండు చుక్కల గుర్తులతో పొడుగాటి చిరునామా కనిపిస్తే, దొంగ దొరికినట్టే. అది ఐపీవీ6 అనే కొత్త తరం చిరునామా; 192.168 లాంటివి పాత తరం ఐపీవీ4. జియో రాకతో మన దేశంలో ఐపీవీ6 వాడకం విపరీతంగా పెరిగింది, ఇంటి ఫైబర్ బాక్సుల్లోనూ అది ఆన్‌లోనే ఉండటం మామూలు. మనం రూటర్‌లో మార్చేది సాధారణంగా ఐపీవీ4 గడి ఒక్కటే. ఐపీవీ6 డీఎన్ఎస్‌ను రూటర్ వేరే ప్రకటనగా పరికరాలకు చెబుతుంది, అందులో కంపెనీ సర్వరే మిగిలిపోతుంది. ఐపీవీ6ను మొత్తంగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అంత అవసరం లేదు, మనం ఎంచుకున్న సేవ తాలూకు ఐపీవీ6 చిరునామాను రూటర్‌లోని ఐపీవీ6 డీఎన్ఎస్ గడిలో వేస్తే చాలు: క్లౌడ్‌ఫ్లేర్‌కు 2606:4700:4700::1111, గూగుల్‌కు 2001:4860:4860::8888. ఎన్ఎస్‌లుకప్ సరిగా చెబుతున్నా బ్రౌజర్‌లో ఫలితం వేరుగా ఉంటే, బ్రౌజర్ తన దారి తాను చూసుకుందని అనుమానించి దాని సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్ఎస్ ఎక్కడుందో వెతకాలి.

రెండో డీఎన్ఎస్ గడి ఇంకో మాయ. మొదటి దానిలో పై-హోల్ చిరునామా, రెండో దానిలో జాగ్రత్త కోసమని 8.8.8.8 వేస్తారు. మొదటిది పడిపోతేనే రెండోది పలుకుతుందన్నది మన ఊహ. అలాంటి హామీ ఏదీ లేదు. చాలా పరికరాలు ఏది త్వరగా పలికితే దాన్నో, వంతులవారీగానో అడుగుతాయి. దాంతో ప్రకటనలు ఒకసారి ఆగుతాయి, ఒకసారి వస్తాయి, మనిషికి పిచ్చెక్కుతుంది. రెండు గడుల్లోనూ ఒకే స్వభావమున్న సర్వర్లు ఉండాలి, లేదా రెండోది ఖాళీగా వదిలేయాలి. పై-హోల్ యంత్రానికి రూటర్‌లో శాశ్వత చిరునామా కేటాయించడం కూడా మరవకూడదు.

అన్నీ సరిగా ఉన్నా జవాబులు తేడాగా వస్తుంటే, అనుమానం ఇంటి గడప దాటించాలి. 53వ పోర్టు మీద వెళ్లే ప్రశ్నలు ఎవరికి ఉద్దేశించినవైనా దారిలోనే పట్టుకుని తమ సర్వర్‌తో జవాబిప్పించే కంపెనీలు ప్రపంచంలో ఉన్నాయి. కనిపెట్టడానికి ఓ ముచ్చటైన ఉపాయముంది. 192.0.2.1 అనేది పుస్తకాల్లో ఉదాహరణ కోసం కేటాయించిన చిరునామా, అక్కడ ఏ సర్వరూ ఉండదు. ఎన్ఎస్‌లుకప్‌లో సైట్ పేరు తర్వాత ఆ నంబరు రాసి అడిగితే నిశ్శబ్దమే రావాలి. జవాబు వచ్చిందా, మధ్యలో ఎవరో పలికారు. ఆ మధ్యవర్తి రూటరే కావచ్చు, కంపెనీ కావచ్చు.

ఇంత శోధన ఎందుకు, బాక్స్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదా అని అడగవచ్చు. కొన్నిసార్లు సరిపోతుంది, దానికి కారణమూ ఉంది: పరికరాలు పాత జవాబులను కొంతకాలం గుర్తుపెట్టుకుంటాయి, పాత సర్వర్ నంబరును కూడా; రీస్టార్ట్‌తో అవి చెరిగిపోతాయి. సెట్టింగ్ మార్చాక ఒకసారి వైఫై ఆపి కలపడం, విండోస్‌లో డీఎన్ఎస్ క్యాష్ ఖాళీ చేయడం అందుకే మంచిది. అయితే రీస్టార్టే సమస్య తెచ్చే సందర్భమూ ఉంది. చాలా రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వస్తే తేదీ ఎక్కడో పాత కాలంలో ఉంటుంది. రూటర్‌లోనే గుప్తీకరించిన డీఎన్ఎస్ పెట్టుకుంటే, తేదీ తప్పు కాబట్టి సర్వర్ భద్రతా పత్రం చెల్లదు. సరైన సమయం తెచ్చుకుందామంటే ఆ టైమ్ సర్వర్ పేరుకు డీఎన్ఎస్ కావాలి. ఇలా చిక్కుకున్న రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు. టైమ్ సర్వర్‌ను పేరుతో కాక అంకెల చిరునామాతో ఇస్తే ముడి విడిపోతుంది.

కంపెనీ ఇచ్చినదే ఉంచుకుంటే పోదా అన్నది ఇంకాస్త బరువైన అభ్యంతరం. వీడియోల విషయంలో అది న్యాయమే. వీడియో సంస్థలు మనకు దగ్గరి సర్వర్‌ను చూపించేటప్పుడు, ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చూసి చూపించడం మామూలు. క్లౌడ్‌ఫ్లేర్ గోప్యత కోసం మన నెట్‌వర్క్ వివరాన్ని అవతలికి పంపదు కాబట్టి, దూరపు సర్వర్ దొరికే అవకాశం ఉంటుంది. బఫరింగ్ ఒక్కటే బాధ అయితే కంపెనీ డీఎన్ఎస్‌కు తిరిగి వెళ్లడంలో ఓటమి లేదు. పిల్లల కోసం వడపోత కావాలనుకున్నవారికి మాత్రం రూటర్ ఒక్కటే సరిపోదు, మొబైల్ డేటా ఆన్ చేస్తే దాని పని అయిపోయినట్టే. వాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర వడపోత సేవ పేరు రాస్తే వైఫైలోనూ డేటాలోనూ అదే పలుకుతుంది. ఆ గడిలో అంకెలు పనిచేయవు, సేవ పేరే రాయాలి. ఒక్క అక్షరం తప్పినా వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఫోన్‌లో ఏ సైటూ తెరుచుకోదు.