మిషన్ మారింది... రాత్రి లెక్కేదీ?

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం మా బాబాయికి అలవాటు. వార్తల కోసం కాదు, రాత్రి తన నిద్ర ఎలా సాగిందో చూసుకోవడానికి! మంచం పక్కనున్న సీప్యాప్ మిషన్ నుంచి తపాలా బిళ్లంత మెమరీ కార్డు తీసి కంప్యూటర్లో పెడితే చాలు... ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, మాస్కు అంచు నుంచి గాలి ఎప్పుడు లీకైంది, అన్నీ గీతలై తెరమీదికొస్తాయి. 'నిన్న గంటకి మూడే' అని ఆయన ప్రకటిస్తే గానీ పిన్ని టిఫిన్ ఊసెత్తదు.

ఆ మిషన్ పాతబడి మూలపడింది. అమెరికా నుంచి వచ్చిన కొడుకు కొత్తది తెచ్చిచ్చాడు. ప్రయాణాలకని చేసిన రకం, అరచేతిలో పట్టేంత ముచ్చటగా ఉంది. మర్నాడు బాబాయి దాన్ని నాలుగు పక్కలా తిప్పి చూశారు. కార్డు పెట్టే చోటే లేదు! సెల్‌ఫోన్లో ఓ అంకె మాత్రం కనిపిస్తుంది. ఆ అంకె బాగానే ఉంది గానీ, నెల తిరక్కుండానే పగటి కునికిపాట్లు మళ్లీ మొదలయ్యాయి. 'రాత్రంతా లీకు ఎలా ఉందో గ్రాఫు తెండి' అన్నారు డాక్టరుగారు. ఎక్కడినుంచి తేవాలి?

స్లీప్ ఆప్నియా ఉన్నవారికి నిద్రలో గొంతు దారి మూసుకుపోయి, పది సెకన్లో అంతకంటే ఎక్కువో గాలి ఆడదు. గంటకి ఇలా ఎన్నిసార్లన్నదే లెక్క. అయిదు లోపుంటే ఫర్వాలేదు, ముప్ఫై దాటితే తీవ్రమే. గాలి ఒత్తిడితో ఆ దారిని తెరిచి ఉంచే పద్ధతిని సిడ్నీ వైద్యుడు కొలిన్ సల్లివాన్ బృందం 1981లో లోకానికి చెప్పింది. మిషన్ రాసుకున్న లెక్కల్ని ఇంట్లోనే చదువుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు ఆస్కార్. అంతకుముందున్న స్లీపీహెడ్‌ని తయారుచేసిన మార్క్ వాట్కిన్స్ 2019లో ఆ పని ఆపేస్తే, దాని పునాదిమీదే కొందరు ఔత్సాహికులు దీన్ని నిలబెట్టారు.

కార్డు ఉన్నంతమాత్రాన సరిపోదండోయ్! ఎయిర్‌సెన్స్ 11, డ్రీమ్‌స్టేషన్ 2 కొత్తగా వచ్చినప్పుడు ఆస్కార్ వాటిని చదవలేకపోయింది. తర్వాతి వెర్షన్లలో కుదిరింది. కాబట్టి డబ్బు కట్టేముందే మిషన్ వెనక రాసున్న మోడల్ నంబరు అడగండి, పేరొక్కటీ చాలదు. ఆస్కార్ వెర్షన్ దాన్ని చదువుతుందో లేదో సరిచూసుకోండి. కార్డుని కంప్యూటర్లో పెట్టేముందు పక్కనున్న చిన్న లాక్ మీట వేయాలి, లేకపోతే కంప్యూటర్ అందులో ఏదో ఒకటి రాసేస్తుంది. తిరిగి మిషన్లో పెట్టేటప్పుడు లాక్ తీయాలి. మనవాళ్లు మరిచిపోయేది ఇదే!

ఇంకో చిక్కుంది. ఊపిరి సగం తగ్గినప్పుడు దాన్ని ఎలా లెక్కగట్టాలన్నది కంపెనీకో తీరు. పాత మిషన్లో మూడు, కొత్తదాంట్లో అయిదు అయితే జబ్బు ముదిరినట్టు కాదు. ఈ మాట అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

2021 జూన్లో ఫిలిప్స్ సంస్థ చప్పుడు తగ్గించే ఫోమ్ పొడిపొడి కావచ్చంటూ లక్షల మిషన్లను వెనక్కి పిలిచినప్పుడు ఎంతోమంది ఉన్నపళంగా వేరే కంపెనీకి మారాల్సొచ్చింది. ఏళ్లతరబడి దాచుకున్న లెక్కలు ఏమవుతాయోనన్న బెంగ అప్పుడే పట్టుకుంది. ఆస్కార్లో ఒకే మనిషి ఖాతాలో రెండు మిషన్లూ ఇముడుతాయి, పాతరోజులు పాతచోటే ఉంటాయి. అయితే పాత కార్డుని ముందే కంప్యూటర్లోకి కాపీ చేసి ఉంచుకోవాలి. ఇక గాలి ఒత్తిడి ఎంత పెట్టాలన్నది మాత్రం డాక్టరు మాటే. సాఫ్ట్‌వేర్ చూసి సొంతంగా తిప్పేయకూడదు.

బాబాయి చివరికి ఆ బుల్లి మిషన్ని ఊళ్లకెళ్లేటప్పటికని పెట్టెలో దాచి, కార్డున్నది కొనుక్కున్నారు. మొదటి వారం గ్రాఫులోనే గుట్టు తెలిసింది. తెల్లవారుజామున మూడింటికి ఎడమవైపు తిరగ్గానే మాస్కు జారిపోతోంది! దిండు మార్చారు. ఇప్పుడు పిన్ని స్టవ్ దగ్గర్నుంచే అడుగుతోంది... 'ఇవాళ ఎంతండీ?'