ఫారాల సారు

చంద్రపూర్ నుంచి తాడోబా అడవికి వెళ్ళే దారిలో, థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దాటాక పద్మాపూర్ వస్తుంది. బొగ్గు గని ఊరు. పులిని చూడ్డానికి వచ్చే మన చుట్టాలు దుమ్ముకి భయపడి కారు అద్దాలు ఎక్కించుకుని సాగిపోతారు. కాసేపు ఆగితే మాత్రం అచ్చమైన కరీంనగర్, ఆదిలాబాద్ మాట చెవిన పడుతుంది. 1973లో బొగ్గు గనులు జాతీయమైన రోజులకు అటూ ఇటూ పొట్ట చేత పట్టుకుని ఈ జిల్లా గనులకు వచ్చినవాళ్ళ కుటుంబాలవి.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. యాభై దాటాయి. నెలకు రెండు ఆదివారాలు అక్కడొక వేపచెట్టు కింద కూర్చుని ఫారాలు నింపుతాను. అదే నా సేవ. ఫోటో తీసి మన పత్రికలో వేయడానికి కూడా పనికిరాదు!

1998లో బొగ్గుగని కార్మికులకు పింఛను పథకం వచ్చింది. భర్త పోతే భార్యకు అందుతుంది. చిక్కల్లా పేరుతోనే. మనకు ఇంటిపేరు ముందు, మహారాష్ట్రలో చివర. రాజయ్య గని కాగితాల్లో ఒక రకంగా, బ్యాంకులో మరో రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటాడు. భార్య ఒకచోట లచ్చమ్మ, ఇంకోచోట లక్ష్మీబాయి. ముగ్గురు రాజయ్యలూ ఒక్కడేనని, ఇద్దరు లచ్చమ్మలూ ఒకతేనని ఒప్పించడానికి అఫిడవిట్ కావాలి. ఆపైన ఏటేటా బతికున్నట్టు ధ్రువపత్రం. 2014లో 'జీవన్ ప్రమాణ్' వచ్చాక వేలిముద్రతో పనైపోతుందన్నారు. తట్టలు మోసి అరిగిన వేళ్ళను యంత్రం పోల్చుకోదు. ముఖం చూసి గుర్తించే పద్ధతి వచ్చాక కొంత నయం.

నాలుగేళ్ళ కిందట ఒక అవ్వకు పద్నాలుగు నెలలుగా పింఛను ఆగిపోయింది. ఆవిడ కాగితాలు రాసిన వారానికే కొడుకు వచ్చి, చెట్టు కింద అందరి ముందూ అడిగాడు: "సారూ, వచ్చినదాంట్ల మీకెంత పర్సంటు?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. అప్పటికే పుకారుందట, ఫారానికింతని పుచ్చుకుంటాననీ, పాలసీలు అంటగట్టడానికే వస్తాననీ. నిజానికి మా బ్రాంచి ఖాతాల జోలికి నేనక్కడ పోను. ఎవరి పాస్‌బుక్కూ నా దగ్గర ఉంచుకోను. అయినా సంజాయిషీ చెప్పడానికి మనసొప్పలేదు. రెండు ఆదివారాలు ఇంట్లోనే పడుకున్నాను.

మా ఆవిడ మాత్రం జాలిపడలేదు. "వాళ్ళ తప్పేముందండీ? డబ్బు తీసుకోకుండా కాగితం కదిపినవాణ్ణి వాళ్ళెప్పుడైనా చూశారా?" అంది.

మన జిల్లావారే బాబా ఆమ్టే గుర్తొచ్చారు. వకీలు, జమీందారీ కుటుంబం, వరోరా మునిసిపాలిటీ ఉపాధ్యక్షుడు. పారిశుధ్య కార్మికుల కష్టం తెలుసుకోవాలని తానే నెలల తరబడి మలం తట్ట నెత్తిన మోశారు. అలాంటి మనిషి కూడా ఓ రోజు దారిలో పడి ఉన్న కుష్ఠురోగిని చూసి భయపడి పారిపోయారు. ఆ భయానికి సిగ్గుపడి వెనక్కి వెళ్ళారు. ఆనందవనం ఆ తర్వాతి సంగతి. ఆయనతో నాకు పోలికేమిటి, నేను ఎత్తింది పెన్నే కదా! అయితే పారిపోవడం వరకూ నాదీ అదే కథ.

మూడో ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అవ్వ కాగితాలు రెండుసార్లు తిరిగొచ్చాయి. ఒకసారి భర్త పేరులో ఒక్క అక్షరం, ఇంకోసారి పుట్టిన తేదీ. ఆఖరికి బాకీ అంతా ఒకేసారి ఖాతాలో పడింది. కొడుకు పాస్‌బుక్కులో అంకెలు రెండుసార్లు కూడుకున్నాడు. నా వాటా ఎక్కడో దాగి ఉంటుందని ఇప్పటికీ అతని నమ్మకం. ఎదురుపడితే 'ఏజెంట్ సాబ్' అంటాడు. మొదట్లో చురుక్కుమనేది. ఇప్పుడు నేనూ దానికే పలుకుతున్నాను.

ఆరోజు కాగితం మీద రాజయ్య పేరు అన్నిచోట్లా ఒక్కలాగే కనబడినప్పుడు కలిగిన సంతోషం, నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఏ బ్యాలెన్స్ షీటు కలిసినప్పుడూ కలగలేదు.

మొన్న నవంబరులో అవ్వ కర్ర పోటేసుకుంటూ అందరికన్నా ముందొచ్చింది. చెట్టు మొదట్లో చతికిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని అంది: "సారూ, ఈ యేడు గూడ బతికే ఉన్న. రాసుకో."