మీకు తెలుసా? నాచు నుంచీ డీజిల్ తీయొచ్చు!

చమురు సంక్షోభంతో దెబ్బ తిన్న అమెరికా, 1978లో సూక్ష్మ నాచు నుంచి ఇంధనం తీసే పరిశోధన మొదలుపెట్టింది. ఉప్పు మడుగులు, సముద్రతీరాలు గాలించి సుమారు 3,000 రకాలు సేకరించి, చివరికి 300 దాకా ఏరారు. నత్రజని అందకుండా కడుపు మాడిస్తే నాచు కణాల్లో నూనె పేరుకుంటుంది. తీరా అలా మాడిస్తే ఎదుగుదల మందగిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే! న్యూమెక్సికోలోని రాస్వెల్‌లో, 1,000 చదరపు మీటర్ల మడుగుల్లో తెడ్ల చక్రాలతో నీళ్లు తిప్పుతూ, కార్బన్ డయాక్సైడ్ అందిస్తూ నాచును పెంచారు. ఎడారి ఎండ బాగానే పనికొచ్చింది కానీ, రాత్రి చలికి దిగుబడి పడిపోయేది. పైగా నూనె ఖర్చు పెట్రోలు బంకు ధరకు అందనంత ఎత్తులో ఉండేది. 1996లో ప్రభుత్వం ఆ పరిశోధనను కట్టిపెట్టింది.