పక్షవాతం తర్వాత చేతికి సాధన: ఇంట్లోనా, క్లినిక్‌లోనా?

ఊళ్లో అమ్మకో నాన్నకో పక్షవాతం వచ్చిందంటే ముందు ప్రాణం దక్కాలని మొక్కుకుంటాం. నాలుగడుగులు వేయగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. పడిపోయిన చెయ్యి సంగతి వెనక్కి పోతుంది. రోజూ క్లినిక్‌కు తీసుకెళ్లే మనిషి దొరక్క కొన్నాళ్లకు ఫిజియోథెరపీ కూడా ఆగిపోతుంది. ఇంట్లోనే చేయించుకుంటే సరిపోదా?

సరిపోతుందేమోనని అమెరికాలో పరీక్షించి చూశారు. పరిశోధకుడు స్టీవెన్ క్రేమర్ బృందం 11 కేంద్రాల్లో 124 మందిని తీసుకుని, కొందరికి క్లినిక్‌లో, కొందరికి ఇంట్లోనే కంప్యూటర్ ఆటలతో చేతి సాధన చేయించింది. అందరికీ 70 నిమిషాల చొప్పున 36 సార్లు. చేతి కదలికను కొలిచే 66 మార్కుల ఫ్యూగల్–మేయర్ పరీక్షలో క్లినిక్ వారికి సగటున 8.36, ఇంటివారికి 7.86 మార్కులు పెరిగాయని 2019లో ప్రకటించారు. ఇల్లు ఏమీ తీసిపోలేదన్నమాట. అయితే ఇంట్లో చేసినవారికి సగం సార్లు థెరపిస్టు వీడియోలో తోడున్నారు.

మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1250 మందితో జరిగిన అటెండ్ అధ్యయనం, ఇంటివాళ్లకే తర్ఫీదునిచ్చి సాధన చేయించిన వర్గాన్ని మామూలు వైద్యమే అందిన వర్గంతో పోల్చింది. 2017లో వచ్చిన ఫలితాల్లో, ఆరు నెలలకు చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి రెండు వర్గాల్లోనూ ఒకేలా 47 శాతం. అది చేతి ఒక్కదానికే చేసిన పరీక్ష కాదు. అయినా భారమంతా ఇంటివాళ్ల మీద వేస్తే చాలదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఎందుకంటే ఇంటివాళ్ల చూపు వేరు, థెరపిస్టు చూపు వేరు. నాన్న గ్లాసు నోటిదాకా తెచ్చుకుంటే మనకు పండగే. థెరపిస్టు మాత్రం భుజం చెవి దాకా లేచిందనీ, మోచెయ్యి చాపకుండా నడుము ముందుకు వంచారనీ పసిగడతారు. ఆ తప్పు కదలిక అలవాటైతే వదిలించడం కష్టం. ప్రేమ కూడా ఒక్కోసారి అడ్డొస్తుంది. కోడలు అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే అత్తగారి చేతికి పనెక్కడిది? చిక్కుడుకాయలు ఒలవడం, తువ్వాలు మడవడం ఆమెకే వదిలేయాలి, ఎంతసేపు పట్టినా.

ఊళ్లో ఉన్న అమ్మనో నాన్ననో అక్కడి థెరపిస్టుతో వారానికి కొన్నిసార్లయినా వీడియోలో కూర్చోబెట్టే ఏర్పాటు దూరాన ఉన్న మనం చేయగలం. ఫోను ముఖానికి ఎదురుగా కాక, భుజం, మోచెయ్యి, నడుము కనిపించేలా పక్కన పెట్టించండి. లేవదీసేటప్పుడు ఆ చెయ్యి పట్టుకు లాగొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. బలం లేని భుజం కీలు జారిపోవచ్చు. నొప్పో వాపో కనిపిస్తే సాధన ఆపి డాక్టరుకు చూపించాలి.